ఇంటి టేపు

పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకి మనుషుల మాటలంటే గిట్టవు. ఆ రోజుల్లో ఏ పెళ్ళి వీడియో చూసినా అందరూ నోళ్ళు కదుపుతూనే ఉంటారు, వినబడేది మాత్రం పాట. మేనత్త ఏదో దెప్పుతుంది, పాట. పెళ్ళికూతురి తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతాడు, పాట. ఇదేమిటయ్యా అని తీసినవాణ్ణి అడిగితే, "మాటలేముంటాయండీ, ఇటు కూర్చో, అటు జరుగు, భోంచేశారా, ఇవేగా!" అని కొట్టిపారేస్తాడు. మన కెమెరాయన కూడా చేతిలో కెమెరా ఉన్నన్నాళ్ళూ ఇదే మాట అన్నాడు.

కెమెరాయన అంటే ఆ వీధిలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. పెళ్ళిళ్ళకి తిరిగే ఓపిక తగ్గాక, ఇంటి ముందుగదినే దుకాణం చేసుకుని పాత టేపులు కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నాడు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, పాత కెమెరాలు, ఒక బిస్కెట్ల డబ్బా నిండా చిక్కుపడ్డ తీగలు. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి కావలసిన తీగ ఒక్కసారికే లాగితే ఆ రోజు మంచిరోజు కింద లెక్క.

ఈ పనిలో ఆయనకి వేరే పేరొచ్చింది. టేపు ఎక్కించాక బొమ్మ వస్తుంది గానీ శబ్దం రావడం లేదని ఊరి నలుమూలల నుంచీ ఇక్కడికే వచ్చేవారు. మూగ టేపుల డాక్టరు అనేవారు ఆయన్ని. ఆయనా డాక్టరు మొహమే పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, ముందు కంప్యూటరును చూసేవాడు, తర్వాత తీగను, ఆ తర్వాత కెమెరాను. ఎక్కువసార్లు తప్పు తీగదే. పసుపు పిన్ను బొమ్మకి, తెలుపూ ఎరుపూ శబ్దానికి. జనం పసుపొకటి గుచ్చి, బొమ్మ కనబడగానే పనైపోయిందనుకుంటారు.

శబ్దం విషయంలో ఆయనకి అంత పట్టింపు రావడానికి ఒక కారణం ఉంది. ఒకసారి ఒక పెళ్ళిలో ఎవరో చంటిపిల్లాడు కెమెరా పక్కన వేలాడుతున్న మైకు తీగను లాగేశాడు. పిన్ను సగం ఊడి వేలాడింది, ఈయన చూసుకోలేదు. తీరా చూస్తే వరుడి తాతగారు లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పిన ఘట్టం మొత్తం గాలికి పోయింది. పాట వేద్దామంటే వాళ్ళు ఒప్పుకోలేదు, తాతగారి మాటలే కావాలన్నారు. నలుగురిలో పెట్టి దులిపేశారు. ఆ మర్నాడే మైకు పిన్నును కెమెరాలో గుచ్చి, చుట్టూ నల్లటి అంటుపట్టీ పది చుట్లు చుట్టేశాడు. ఇక ఏనుగొచ్చి లాగినా ఊడదని చెప్పుకునేవాడు. నిజంగానే ఊడలేదు.

ఇక ఆయన భార్య. ఆమెకి వీధి పెట్టిన పేరు రేడియో. ఎగతాళికే పెట్టారు గానీ ఆమె దాన్ని బిరుదులా మోసింది. పొద్దున పాలగిన్నె పొయ్యెక్కినప్పుడు మొదలయ్యే మాట, రాత్రి దీపం తీసేశాక కూడా చీకట్లో కాసేపు సాగేది. వంటింట్లో ఉండి ముందుగదిలో ఉన్నవాళ్ళతో, ముందుగదిలో ఉండి ఎదురింటివాళ్ళతో మాట్లాడేది. పనిలో ఉన్న కెమెరాయనకి అది చెవిలో జోరీగ. "నీకు దండం పెడతాను, ఒక్క పది నిమిషాలు నోటికి తాళం వేసుకోవే తల్లీ" అనేవాడు. ఆమె నవ్వి, ఆ మాట మీద ఇంకో పది నిమిషాలు మాట్లాడేది.

కిందటేడు ఆమె గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేశారు. ప్రాణం దక్కింది. మెడ కింద ఊపిరి కోసం ఒక రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ మిగిలాయి. మాట పోయింది. పెదవులు కదిలేవి, వెనక ఏమీ వచ్చేది కాదు. ఎవరినైనా పిలవాలంటే రెండు చప్పట్లు కొట్టేది. వీధిలో ఆమెను రేడియో అనడం మానేశారు, ఈయన్ని మూగ టేపుల డాక్టరు అనడమూ మానేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ ఒకేసారి మానేశారు. ఆ మంచితనమే ఇద్దరికీ ముల్లులా గుచ్చుకునేది.

మొదట్లో ఆమె పెదవులు చదవడం ఆయనకి చేతకాలేదు. దుప్పటి ఇమ్మంటే లేచి వెళ్ళి తలుపు వేసొచ్చేవాడు. ఆమె తల కొట్టుకునేది. మెల్లగా అలవాటైంది. పెళ్ళైనప్పటి నుంచీ ఆమె మాట్లాడుతుంటే ఎటో చూసిన మనిషి, ఇప్పుడు ఒక్క ముక్క కోసం మొహంలోకి కళ్ళప్పగించి చూడక తప్పలేదు. ఏడాది తిరిగేసరికి ఆమె ఏమన్నా ఆయనకి తెలిసిపోయేది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న కూతురు సెలవుకి వచ్చినప్పుడు కూడా మధ్యలో ఈయనే చదివి చెప్పేవాడు.

ఒకనాడు బట్టలు మడతపెడుతూ ఆమె చేతులాపింది. రెండు చప్పట్లు కొట్టి, ఆయన చూశాక, పెదవులతో నెమ్మదిగా చెప్పింది.

"ఏమండీ, నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రావట్లేదు. లోపల్లోపల మాట్లాడుకుంటుంటే మా అక్క గొంతు వినబడుతోంది."

ఆయన కూడా గుర్తు తెచ్చుకోబోయాడు. ఆమె అన్న మాటలు బోలెడు గుర్తొచ్చాయి, గొంతు రాలేదు. ఫోను అంటే మాట్లాడుకోవడానికే అనుకునే రోజులవి, ఇంట్లో ఎవరి ఫోనులోనూ ఆమె మాట దాచుకున్నది లేదు.

"ఓసి పిచ్చిదానా, దానికేనా ఆ మొహం! ఇంటి టేపుంది కదా" అన్నాడు. "అమ్మాయి చిన్నప్పుడు తీశానే, నువ్వు మంచం మీద కూర్చుని గంటసేపు వాగావు. అందులో నీ గొంతు కాక ఇంకేముంటుంది? రేపు ఎక్కించి వినిపిస్తాను."

ఆమె మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి చాలా కాలమైంది. మర్నాడు పొద్దున్నే వంట ముగించి, చుట్టాలింటికి వెళ్ళేదానిలా తల దువ్వుకుని, ముందుగది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

కెమెరాయన బీరువా మీది పెట్టె దించి టేపు తీశాడు. పైన "ఇల్లు" అని రాసి ఉంది. ఎప్పుడో తీరిక దొరికితే దానిమీద మంచి పాట వేద్దామని పక్కన పెట్టింది. ఆ తీరిక దొరకలేదు, ఇప్పుడు అదే మేలైందనుకున్నాడు. పాత కెమెరాలో టేపు పెట్టి, తీగ కలిపి, మీట నొక్కాడు.

బొమ్మ వచ్చింది. పడకగది, మంచం, కుప్పగా పోసిన బట్టలు, వాటి మధ్య నిండు మొహంతో ఆమె. కాళ్ళ దగ్గర చిన్న పిల్ల బొమ్మకి జడ వేస్తోంది. ఆమె నోరు ఆగకుండా కదులుతోంది.

శబ్దం లేదు.

"ఉండు, కంగారు పడకు, ఇది మామూలే" అన్నాడు. ఆమె ఏమీ కంగారు పడలేదు. డాక్టరు చేతిలో పడ్డాం కదా అన్నట్టు చూస్తూ ఉంది.

కంప్యూటరులో శబ్దం ఆపేసి ఉందేమో చూశాడు. లేదు. గిరాకీవాళ్ళ పెళ్ళి టేపు ఒకటి పెట్టి చూశాడు, పాటతో గదంతా హోరెత్తింది. అంటే కంప్యూటరు మంచిదే, తీగా మంచిదే. అయినా తీగ మార్చాడు. పసుపు దగ్గర పసుపు, తెలుపు దగ్గర తెలుపు, ఎరుపు దగ్గర ఎరుపు. మళ్ళీ మీట నొక్కాడు. ఆమె పెదవులు కదిలాయి, అంతే.

అప్పుడు ఒకటి గుర్తొచ్చి తొడ మీద చరుచుకున్నాడు. ఈ రకం కెమెరాల్లో శబ్దానికి రెండు దారులుంటాయి. తీసేటప్పటి మాటలు మొదటిదాంట్లో పడతాయి, రెండోది తర్వాత పాట వేసుకోవడానికి ఖాళీగా ఉంటుంది. కెమెరా రెండోదాన్ని వినిపించేలా పెట్టి ఉంటే, పాట వేయని టేపు మూగగానే ఉంటుంది. ఎందరి టేపులకో ఇదే రోగం కుదిర్చాడు. కెమెరా సెట్టింగులు తెరిచి చూస్తే సరిగ్గా రెండోదాని మీదే ఉంది.

"దొరికింది! చూశావా, నీ గొంతు పక్కగదిలో కూర్చుంటే మనం ఈ గది వెతుకుతున్నాం" అన్నాడు.

ఆమె స్టూలు ముందుకి జరుపుకుంది. గొంతు మీది గుడ్డ సర్దుకుంది. ఆయన మొదటిదానికి మార్చి, శబ్దం పూర్తిగా పెంచి, మీట నొక్కాడు.

సన్నగా బుస వినిపించింది. ఎక్కడో కుళాయి కొంచెం వదిలేసినట్టు. ఆ బుస అలాగే సాగింది. దానిలోంచి ఏమీ రాలేదు.

"నువ్వు కాస్త టీ పెట్టు" అన్నాడు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాటిని అరచేతులతో అదిమిపట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. బుస. కళ్ళు తెరిచాడు. తెర మీద కెమెరా పక్కకి తిరుగుతోంది. బీరువా అద్దం వచ్చింది. అద్దంలో నల్ల మీసాలతో తనే, భుజం మీద కెమెరా. ఆయన బొమ్మను ఆపాడు.

కెమెరా నెత్తిన పొడుగాటి మైకు ఉంది. మైకు నుంచి వచ్చిన తీగ కెమెరా పక్కన గుచ్చి ఉంది. చుట్టూ నల్లటి పట్టీ గట్టిగా చుట్టి ఉంది. మైకు పనిచేస్తుంటే దాని మీద గోరంత ఎర్రదీపం వెలగాలి. వెలగడం లేదు.

ఇక వెతకడానికేమీ లేదు. మైకు పిన్ను గుచ్చితే కెమెరా తన సొంత చెవి మూసుకుంటుంది, మైకు విన్నదే రాసుకుంటుంది. ఆ మైకును ఈయనే ఆపేశాడు. బ్యాటరీ పెళ్ళిళ్ళకి దాచుకోవాలి. ఇంటి టేపే కదా, రేపు పాట వేసుకునేదే కదా, ఈవిడ వాగుడికి బ్యాటరీ దేనికి అనుకున్నాడు. అలా అనుకున్న సంగతి ఇప్పుడు ఎంత బాగా గుర్తొచ్చిందంటే, మైకు మీట మీద బొటనవేలి ఒత్తిడి కూడా తెలిసింది. పిన్ను లాగేసినా చాలు, కెమెరా తనంత తాను వినేది. ఏనుగొచ్చి లాగినా ఊడకుండా చుట్టింది కూడా ఈయనే.

ఆమె టీ గ్లాసులతో వచ్చి నిలబడింది. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"రాలేదు" అన్నాడు. "ఇక రాదు. అసలు పడలేదు."

ఎందుకు పడలేదో మాత్రం చెప్పలేదు.

ఆమె గ్లాసు ఆయన చేతికిచ్చి, స్టూలు దగ్గరికి లాక్కుని పక్కన కూర్చుంది. తెర వైపు వేలు చూపించి, పెదవులతో అడిగింది.

"ఏం మాట్లాడుతున్నానో చదవండి. మీకొచ్చు కదా."

ఆయన బొమ్మను కదిలించాడు. ఎన్నడూ వినని మాటలు ఒక్కొక్కటే పైకి చదివాడు. "ఈ చొక్కాకి బొత్తాం మళ్ళీ ఊడింది అంటున్నావు. అమ్మాయి కాళ్ళు పెరిగిపోతున్నాయి, కొత్త చెప్పులు కొనాలి అంటున్నావు. ఎదురింటావిడ నీ గరిటె తీసుకెళ్ళి ఇవ్వలేదట." ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో చూద్దామన్నా ఆయన అటు చూడలేకపోయాడు. ఆమె మాటలన్నీ ఆయన బొంగురు గొంతులోంచి వస్తున్నాయి.

తెర మీది ఆమె ఉన్నట్టుండి మడత ఆపి, నేరుగా కెమెరాలోకి చూసింది. ఏదో అడిగింది. కెమెరాయన చదవలేదు.

పక్కన రెండు చప్పట్లు వినిపించాయి. ఆయన తిరిగాడు.

"ఏమన్నాను?"

అబద్ధం చెప్పొచ్చు. బొత్తాం అనొచ్చు, గరిటె అనొచ్చు. ఆమె మొహంలోకి చూశాక అది చేతకాలేదు.

"ఏమండీ, నా మాట పడుతోందా అని అడిగావు."

ఇద్దరూ తెర వైపు చూశారు. బొమ్మ ఒకసారి కిందికి వంగి పైకి లేచింది. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. మంచం, బట్టలు, ఆమె మొహం, గోడ, అన్నీ ఊగాయి. కెమెరా వెనక ఉన్న మనిషి తలూపాడు.

తెర మీది ఆమె నవ్వి, చీర సర్దుకుని, మడతపెట్టిన చొక్కా పక్కన పెట్టింది. పడుతోందని నమ్మి, టేపు అయిపోయేదాకా మాట్లాడుతూనే ఉంది.