అపారగమ్య శాంతయ్య

శాంతయ్య సారుకు తెలుగులో ఉన్న మాటలన్నీ వచ్చు. వాడేది మాత్రం ఒక్కటే: అపారగమ్య.

నీటిని తనలోంచి దిగనివ్వనిది అని దాని అర్థం. భూగర్భ జలాల ఆఫీసులో ముప్పై ఏళ్లు కొలత గొలుసు పట్టుకుని గుట్టలూ మిట్టలూ తిరిగిన మనిషి ఆయన. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు శాలువా కప్పారు. మాటను మాత్రం ఆయనే వెంట తెచ్చుకున్నాడు. శాలువా రెండేళ్లకు చిరిగింది. మాట ఇప్పటికీ కొత్తదిలాగే ఉంది.

కమలాపురంలో నాది బోరు మోటార్ల రిపేరు కొట్టు. రిటైరైన ఈ ఆరేళ్లుగా సారు రోజూ ఎనిమిదింటికల్లా వచ్చి నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చునేవాడు. భుజాన సంచీ, సంచీలో ఇత్తడి చెంబు. బోరు వేయించాలని ఎవరైనా అన్నారా, ఇక ఆయన ఆగడు. వాళ్ల పొలానికి పోయి, చెంబెడు నీళ్లు నేల మీద పోసి, గడియారం చూసుకుంటూ గొంతుక్కూర్చుని, చివరికి తల అడ్డంగా ఊపేవాడు.

"అపారగమ్య శిలప్పా. బోరు దండగ."

బోర్లు పడితేనే మోటార్లు. మోటార్లు కాలితేనే నా ఇంట్లో పొయ్యి వెలిగేది. నా బెంచీ మీద కూర్చుని, నా టీ తాగి, నా బేరమే చెడగొట్టే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

"ఉత్త అపారగమ్య అంటే సాలదా సార్? ఎనక శిల యేంటికి?" అని ఒకసారి విసుక్కున్నాను.

"విశేషణమప్పా అది. ఒంటిగా తిరగదు. పక్కన ఇంగొకటి ఉండాల."

ఆ పక్కన ఏది పెట్టాలన్నదానికి ఆయనకు హద్దూ అదుపూ లేదు. ఒక ఆఫీసులో గుమాస్తాకు ఐదు అర్జీలిచ్చి వచ్చి, "అపారగమ్య గుమాస్తా. ఐదు పోసినా ఒగటీ దిగల్యా" అన్నాడు. ఒక ఆదివారం చర్చిలో గాబ్రియేలు పాస్టరు రెండు గంటలు ప్రసంగం చేసి, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఎట్లుండాది శాంతయ్యా?" అని అడిగాడు. ఈయన సంఘమంతా వింటుండగానే, "మీరు బాగానే పోసినారు పాస్టరుగారూ. మనది అపారగమ్య సంఘం" అన్నాడు. సంఘం మూడు వారాలు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన భార్య జీవమ్మ మా కొట్టు ముందు నుంచి పోతూ రోజూ ఒకే ఫిర్యాదు చేసేది. "రాయీ రప్పా అంటాడు గానీ రామకృష్ణా, ఉప్పు తెమ్మని మూడు దినాల నుంచి చెప్తాండా. ఈ మనిషి తలకాయ కంటే అపారగమ్యం యాడుంటాది?"

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ ఏడు నవ్వే ఓపిక ఎవరికీ లేదు. రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. నా కొట్టుకు మోటార్లు రిపేరుకు రావడం మానేసి, పాత ఇనుముకు అమ్మిపెట్టమని రావడం మొదలుపెట్టాయి. మా వైపు బోరు వేయించడమంటే వ్యవసాయం కాదు, దేవుడితో జూదం. ఓడినవాడు మళ్లీ ఆడకుండా లేవడు.

మా ఊరి హంపమ్మ అప్పటికి మూడు ఆటలు ఓడిపోయింది. ఒంటి మనిషి. ఏడేళ్లు బిడ్డల్లా సాకిన బత్తాయి తోట, నూట యాభై చీనీ చెట్లు, కళ్ల ముందే ఆకు రాలుస్తున్నాయి. ఇక మిగిలినవి రెండు పాడి ఎనుములు. వాటిని అమ్మి నాలుగో బోరు వేయించాలని తీర్మానించుకుంది. నీళ్లు చూసే సుంకన్న వచ్చి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. అక్కడ పసుపూ కుంకుమా వేశారు.

"శాంతయ్య సారును మాత్రం నా చేన్లోకి రానీయొద్దు," అని హంపమ్మ నా కొట్టుకొచ్చి మరీ చెప్పింది. "ఆ పాడు మాట నా గెనెం దాటిందంటే చెంబు సొట్టలు పడేటట్టు కొడతా."

శుక్రవారం పొద్దున బోరు లారీ వచ్చింది. ఎనుముల బేరగాడు కూడా తాడు పట్టుకుని వచ్చాడు. నేనూ పోయాను, మోటారు బేరం తగులుతుందేమోనని. పోయి చూద్దును గదా, పసుపూ కుంకుమా వేసిన చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో శాంతయ్య సారు. కుర్చీ నాది.

"లెయ్యి సార్!" అంది హంపమ్మ.

సారు వంగి చెంబెడు నీళ్లు పోశాడు. గడియారం చూసుకున్నాడు. "అపారగమ్య..."

"నీ నోట్లో మన్ను బొయ్య! చెట్లు సచ్చిపోతాండాయి సార్. వాటికి మాటలు పోస్తావా నువ్వు?"

తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. నేను రెక్క పట్టి లాగితే కుర్చీ లేచింది గానీ సారు లేవలేదు, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. పదకొండింటి దాకా చూసి, ఇంకో ఊళ్లో పని ఉందని లారీవాళ్లు వెళ్లిపోయారు. ఎనుముల బేరగాడు తాడు చుట్టుకుని వెళ్లాడు. హంపమ్మ గెనెం గట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. మంచి తోటను ఒక మాటతో చంపేశాడీయన అనుకున్నాను.

ఆ కోపంలోనే, ఆరేళ్లుగా నా మట్టిబుర్రకు తట్టని ప్రశ్న ఒకటి తట్టింది.

"సార్, పైన చెంబెడు నీళ్లు పోస్తే తొమ్మిదివందల అడుగుల కింద ఏముండాదో ఎట్ల తెలుస్తాది?"

"తెల్దు," అన్నాడు.

"తెల్దా!"

"దేవునికి తెలియాల. నాకు యాడ తెలుస్తాదప్పా?"

"మరి ఇన్నేండ్లూ అందరికీ చెప్పిందో?"

సారు చెంబులోకి చూస్తూ అన్నాడు. "మా తమ్ముడు ఏడు బోర్లు ఏపిచ్చినాడు రామకృష్ణా. చేనూ పాయె, ఎద్దులూ పాయె. ఇప్పుడు బెంగుళూర్లో ఎవురిదో గేటు కాడ కూచోనుండాడు. వాన్ని వద్దప్పా అని శానాసార్లు అంటి. వద్దంటే ఎవురు ఇంటారు? పెద్ద మాటైతే రోంత జడుచుకుంటారు."

హంపమ్మ ఏడుపు ఆపింది. "అట్లైతే ఆ చెంబు యేంటికి?"

"చెంబుతో తెలిసేది ఒగటే తల్లీ. పైన పోసింది నిలుస్తాదా, లేదా అని. నీ చేన్లో నిలుస్తాది. కుంట తవ్వుకో, వాన నీళ్లు యాడికీ పోవు అని పోయినేడే చెప్పినా. ఏం జేద్దాం, కుంటకు ఎవురూ టెంకాయ కొట్టరు."

హంపమ్మ చివరికి కుంటకే ఒప్పుకుంది. ఎనుములు ఇంట్లోనే ఉన్నాయి, పాలు ఆగలేదు. ఉపాధి కూలీలు వచ్చి నలభై రోజులు కుంట తవ్వారు. అన్నాళ్లూ చెట్లకు తడి కావాలి గదా. సారు చర్చిలో లేచి నిలబడి, తలకొక బిందె నీళ్లు అడిగాడు. అపారగమ్య సంఘంలోకి ఆ రోజు ఎందుకో మాట దిగింది. ఇంటికి రెండు చెట్ల చొప్పున పంచుకుని, సాయంత్రాలు బిందెలతో నడిచారు. అయినా ముప్పై రెండు చెట్లు ఎండిపోయాయి. వాటిని కొట్టేసిన రోజు హంపమ్మ అన్నం తినలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన పడింది. ఒకే ఒక్క వాన. కుంటలో నడుములోతు నీళ్లు నిలిచాయి. నాలుగు దినాల్లో ఇంకిపోతాయని ఊరంతా పెదవి విరిచింది. సారు ఒక కట్టెకు గీత పెట్టి నీళ్లలో పాతాడు. ఎనిమిది దినాలకు వేలెడు కూడా దిగలేదు. కుంటలో నీళ్లు తోడడానికి హంపమ్మ నా కొట్లో చిన్న మోటారు కొంది. ఆరేళ్లలో ఆయన పుణ్యాన నాకు తగిలిన మొదటి బేరం అదే.

మోటారు బిగించిన రోజు హంపమ్మ సారునూ జీవమ్మనూ పిలిపించింది.

"సార్, ఆ మాట అను."

"ఏ మాటమ్మా?"

"అదే. నన్ను ఏడిపిచ్చిన మాట."

సారు గొంతు సవరించుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. అంతవరకూ ఆయన్ని ఆ మాట అనమని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"అపారగమ్య కుంట."

"ఇంగోసారి."

"అపారగమ్య..."

"ఇంగోసారి యేంటికి హంపమ్మా, మనిషినే పెట్టుకో," అంది జీవమ్మ. "కాకపోతే ఒంటిగా తిరగడు. ఆ చెంబు గూడ నువ్వే మోయాల."