అక్కడ నువ్వు పెట్టు, ఇక్కడ మేం పెడతాం

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున మసీదు మైకులో చావు కబురు చెప్పారు. ఫలానా వారి భార్య చనిపోయారు, జుమా నమాజు తర్వాత జనాజా అని. నేనప్పుడు షాపు షట్టర్ ఎత్తుతున్నాను. ఆ ఫలానా ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఎవరో నాకు తట్టలేదు. అయ్యో పాపం అనుకుని తాళం జేబులో వేసుకుంటుంటే ఎదురుగా ఉండే టీకొట్టు ఆయన రోడ్డు దాటి వచ్చాడు. "ఏందిరా అట్టా నిలబడ్డావ్? పోయింది మన కువైట్ పిన్నిరా!" అన్నాడు. షట్టర్ సగంలోనే వదిలేసి పరిగెత్తాను.

పొదిలిలో మా వీధి మొత్తానికి ఆవిడ కువైట్ పిన్నే. వయసులో ఉన్నప్పుడు కువైట్ వెళ్ళి ఎవరింట్లోనో వంటమనిషిగా ఏళ్ళ తరబడి చేసి, మోకాళ్ళు అరగదీసుకుని తిరిగొచ్చింది. వాళ్ళు ముస్లింలు, మేం హిందువులం. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీదుగా మా అమ్మా, ఆవిడా ఇచ్చిపుచ్చుకున్న కూరగిన్నెల్లో ఏది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. వరసకి నాకేమీ కాదు. కానీ నన్ను తిట్టే హక్కు మాత్రం మా అమ్మ కంటే ఆవిడకే ఎక్కువుండేది.

ఆవిడ ఫోన్ మాట్లాడే తీరు చూసి తీరాలి. ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టేది, అలా పెడితే మాట గట్టిగా వినపడుతుందని. గ్లాసు ముందు కింద బాసింపట్టు వేసుకుని, సముద్రం అవతలికి నేరుగా వినిపించాలన్నట్టు అరిచేది. అవతల ఎవరున్నా సరే మొదటి మాట ఒకటే, "అన్నం తిన్నావా?" తినలేదంటే ఇంక ఏ కష్టమూ చెప్పనిచ్చేది కాదు. "ముందు తిను. తర్వాత ఏడువు, నేనూ ఏడుస్తా నీతో" అనేది. పిన్నీ, నీ గొంతుకి ఫోన్ ఎందుకు, డాబా ఎక్కి పిలిస్తే సరిపోదూ అని నేను ఆటపట్టిస్తే గ్లాసులోంచి ఫోన్ తీసి ఆ గ్లాసు నా మీదకి విసిరేది.

కరోనా వచ్చి అన్నీ మూతపడ్డ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. నాది సెల్‌ఫోన్ల షాపు. అది మూసేసి ఇంట్లో పడుకుని సీలింగు చూస్తుంటే గోడ మీద నుంచి పిలుపు వచ్చింది. "ఒరేయ్, దున్నపోతులా దొర్లింది చాల్లే. ఇటొచ్చి ఈ ఫోన్ సంగతి చూడు. పది మంది ఒకేసారి మాట్లాడాలంట." వెళ్ళి చూస్తే ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నుంచి కువైట్ నుంచి ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారట.

అక్కడ పరిస్థితి ఘోరం. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళని, రోగం తెస్తారన్న భయంతో కొందరు యజమానులు బయటికి పంపేశారు. జీతాలు ఆగిపోయాయి. కర్ఫ్యూ. ఒక్కో గదిలో ఎనిమిది మంది, పది మంది. మనవాళ్ళే కాదు, శ్రీలంక వాళ్ళు, నేపాల్ వాళ్ళు, ఆఫ్రికా ఆడపిల్లలు కూడా అదే గదిలో. వాళ్ళలో చాలామంది అంతకుముందే యజమాని ఇంట్లోంచి పారిపోయి వచ్చినవాళ్ళు. అలా కాగితాల్లేకుండా బతికేవాళ్ళని అక్కడ ఖల్లివల్లి అంటారు. వాళ్ళు బియ్యం కోసం కూడా వీధిలోకి రాలేరు, కనపడితే పట్టుకుపోతారు. ఇక్కడి నుంచి ఏదైనా పంపుదామంటే విమానాల్లేవు, బ్యాంకులు సగం పనిచేస్తున్నాయి, మా వీధిలో ఎవరి చేతిలోనూ రూపాయి ఆడటం లేదు.

పిన్ని ఒక పూటంతా ఆలోచించింది. ఇటు చూస్తే మిర్చి యార్డు మూతపడి చుట్టుపక్కల ఊళ్ళల్లో రైతుల ఇళ్ళ నిండా మిర్చి, కంది, వడ్లు ఉన్నాయి, కొనే నాథుడు లేడు. అటు చూస్తే కువైట్‌లో మన వైపు డ్రైవర్లు, కొట్లల్లో పనిచేసే కుర్రాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేతిలో అంతో ఇంతో జీతం ఉంది, కానీ దాన్ని ఇంటికి పంపలేక సతమతమవుతున్నారు. సాయంత్రానికి గ్లాసులో ఫోన్ పెట్టి దాచేపల్లి నుంచి వెళ్ళిన ఒక డ్రైవర్‌తో చెప్పింది.

"నాయనా, అక్కడ ఆ గదిలో వాళ్ళకి నువ్వు పెట్టు. ఇక్కడ మీ ఇంట్లో వాళ్ళకి మేం పెడతాం."

అంతే. సముద్రం దాటాల్సింది ఏమీ లేదు. అతను అక్కడ కొట్లో బియ్యం, పప్పు, నూనె కొని గది తలుపు ముందు పెట్టి వెళ్ళేవాడు. ఇక్కడ మేం అతని భార్యాపిల్లలకి బియ్యం, కందిపప్పు, ఎండుమిర్చి చేరవేసేవాళ్ళం. మందుల షాపులకి సరుకు తోలే వ్యాన్లకి అనుమతి ఉండేది, వాటి మీద మూటలు వెళ్ళేవి. ఆ డ్రైవర్ని చూసి ఇంకొకడు, వాడిని చూసి మరొకడు. రైతుల్ని అడిగే పని పిన్నిదే. "డబ్బులడిగానా నిన్ను? తినేది అడిగాను. ఇయ్యకపోతే ఇయ్యనని చెప్పు, మొహం తిప్పుకోమాక" అని ఫోన్‌లోనే దులిపేసేది. ఇచ్చారు. కులం, మతం ఏమీ చూడకుండా ఇచ్చారు. పక్కన ఆఫ్రికా పిల్లలున్నారు, వాళ్ళకి కూడా పెట్టాలా పిన్నీ అని ఒక డ్రైవర్ అడిగితే, ఆవిడ ఫోన్‌లో ఎన్ని మాటలు అందో నేను ఇక్కడ రాయలేను.

ఇంతవరకే చెప్పి ఆపితే ఆవిడ గొప్ప మనిషి అని మీరు దండం పెట్టుకుంటారు. గొప్పమనిషే. కానీ ఆవిడ అలా ఆపనిచ్చేది కాదు.

ఆ గదుల్లో ఒకదాంట్లో మా పొదిలి పక్క పల్లెటూరి పిల్ల ఉండేది. తల్లి ఒక్కతే, కాస్త మిరపచేను ఉంది. ఈ పిల్లా యజమాని ఇంట్లోంచి పారిపోయి వచ్చినదే. ఒకరోజు దగ్గుతూ ఫోన్ చేసింది. జ్వరమట, ఆయాసంగా ఉందట. పక్కనున్న శ్రీలంక ఆవిడ అంబులెన్స్‌ని పిలుద్దామంటోంది, ఏం చెయ్యమంటావు పిన్నీ అని అడిగింది.

"వద్దు తల్లీ" అంది పిన్ని. "అంబులెన్స్ వెనకే పోలీసోళ్ళొస్తారు. నేను చూశాను కళ్ళారా. మిరియాలు వేసి కషాయం తాగు, ఆవిరి పట్టు. రొంపే, తగ్గిపోద్ది."

ఆవిడ చూసిన మాట నిజం. ఆవిడ అక్కడున్న రోజుల్లో తనతో పాటు పనిచేసే ఒకమ్మాయిని ఆసుపత్రి మంచం మీద నుంచే జైలుకి తీసుకెళ్ళారట. ఆ అమ్మాయి ఏమైందో మళ్ళీ ఎవరికీ తెలియలేదు. ఆ భయం పిన్ని ఎముకల్లో ఉండిపోయింది. కానీ కరోనా వచ్చాక అక్కడ జ్వరమొచ్చినవాళ్ళని కాగితాలు అడక్కుండానే చేర్చుకుంటున్నారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ పిల్ల పిన్ని మాట విని గదిలోనే ఉండిపోయింది. ఆ వారంలోనే పోయింది. ఆ గదికి సరుకులు పెట్టే డ్రైవర్ ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పాడు. శవాన్ని పంపరట, అక్కడే ఇసకలో పాతిపెట్టేశారట.

పిన్ని గ్లాసులోంచి ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత "బండి తియ్యరా" అంది.

దారిలో పోలీసులు ఆపితే చావు కబురు చెప్పడానికి వెళ్తున్నామని చెప్పాను. మళ్ళీ బండి కదిలాక వెనక్కి తిరిగి అన్నాను, "పిన్నీ, పిల్ల పోయిందని చెబుదాం చాలు. అంబులెన్స్ సంగతి ఎత్తొద్దు. ఎవరికీ తెలీదుగా."

"నాకు తెలుసుగా" అంది.

ఆ తల్లి కల్లంలో ఉంది. అమ్ముడుపోని మిరపకాయలు నేలంతా ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కాళ్ళతో తిరగదోస్తోంది. పిన్ని మాస్కు కిందికి లాగి, ముందు పిల్ల పోయిందని చెప్పింది. ఆ తల్లి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే దూరం దూరం అన్న సంగతే మర్చిపోయి పట్టుకుంది. ఏడుపు కాస్త నెమ్మదించాక రెండో మాట కూడా చెప్పింది. "దవాఖానాకి పోతానంది. నేనే వద్దన్నానమ్మా."

ఆ తల్లి పిన్ని చేతులు విడిపించుకుంది. "నీ కూతురైతే అట్టానే చెప్పేదానివా?" అంది.

"అట్టానే చెప్పేదాన్ని. నాకు తెలిసింది అంతే" అంది పిన్ని.

ఆ తల్లి మళ్ళీ లేచి మిరపకాయలు తిరగదొయ్యడం మొదలుపెట్టింది. మేం వెళ్ళేదాకా మా వైపు చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద పిన్ని నా భుజం పట్టుకున్న పట్టుకి నాకు నొప్పి పుట్టింది.

పని మానేస్తుందనుకున్నాను. మానలేదు. మర్నాడు పొద్దున్నే గ్లాసు ముందు కూర్చుంది. కానీ మాట మారింది. అన్నం తిన్నావా తర్వాత రెండో ప్రశ్న, "జ్వరముందా?" ఉందంటే ఇంక అరుపులే. "ఆసుపత్రికి పో! జైల్లో పెడితే పెట్టనీ, బతికుంటే ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తావ్!" అలా ఆవిడ తిట్టి, బతిమాలి, ఒట్లు పెట్టించి పంపినవాళ్ళలో చాలామంది ఇళ్ళు చేరారు. ఒకావిడ పొదిలి దాకా వచ్చి కాళ్ళ మీద పడబోతే, "నా కాళ్ళు నొప్పులు, వదులు" అని లేపింది. ఎవరైనా పొగిడితే విసుక్కునేది. "పది మందికి అన్నం పెట్టినా, ఒక పిల్లని చంపినా, రెండూ ఈ నోటితోనే" అనేది. అలా అనొద్దు పిన్నీ అని నేను కోప్పడితే, "నువ్వు కోప్పడితే మారిపోద్దా?" అనేది.

ఏటా మిరపకాయలు కల్లాల్లో పడే రోజుల్లో నన్ను బండి తియ్యమనేది. ఆ పల్లెకి వెళ్ళి ఆ తల్లి ఇంటి అరుగు మీద కూర్చునేది. ఆ తల్లి లోపలికి రమ్మనేది కాదు, మంచినీళ్ళు ఇచ్చేది కాదు, తన పని తను చేసుకుంటూ తిరిగేది. పొద్దు వాలాక పిన్ని లేచి వచ్చేసేది. ఎందుకీ అవమానం, ఆవిడ రమ్మనలేదుగా అంటే, "రావద్దని కూడా అనలేదుగా" అనేది.

పిన్నికి గుండె ఆగిందని ఆ శుక్రవారం నేనే ఆ పల్లెలో ఆ తల్లికి ఫోన్ చేశాను. వస్తుందని అనుకోలేదు. కానీ జనం మధ్యలోంచి వచ్చి, ఇంటి గోడకి ఆనుకుని నిలబడింది. బాగా ముసలిదైపోయింది.

జనాజా, అదే పాడె, లేచే ముందు వాళ్ళల్లో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళ తరఫున ఇంటివాళ్ళు అందరినీ క్షమించమని అడుగుతారు. పిన్ని కొడుకు మా ఊళ్ళోనే ఆటో తోలుతాడు. అతను చేతులు జోడించి, "మా అమ్మ వల్ల ఎవరికైనా తప్పు జరిగుంటే, మనసు నొచ్చుకునుంటే, మాఫ్ చేయండి" అన్నాడు. "చేశాం, చేశాం" అన్నారు అందరూ. అతని చూపు ఆ ముసలమ్మ మీద ఆగింది. అతనికి అంతా తెలుసు. నెమ్మదిగా ఆమె దగ్గరికి వెళ్ళి, "పెద్దమ్మా..." అన్నాడు.

"నన్నడగమాక నాయనా" అంది. "ఆ మాట నా నోటికి రావట్లా. ఎండెక్కుతోంది, తీసకపోండి."

అతను తలొంచుకుని వెనక్కి వచ్చాడు. నాకు ఆ ముసలమ్మ మీద కోపం వచ్చిందని చెప్పుకోవాలి. ఏళ్ళ తరబడి అరుగు మీద కూర్చున్న మనిషికి ఒక్క మాట ఇవ్వలేదా అనుకున్నాను. భుజాలు మార్చుకుంటూ నడిచి, నమాజు అయ్యాక కబరస్తాన్‌కి చేరాం.

పిన్నిని దించారు. మట్టి ఒంటి మీద పడకుండా పైన బల్లలు పేరుస్తున్నారు. మాది గరప నేల, తవ్వితే మట్టి కంటే రాళ్ళే ఎక్కువ. అందరం ముందుకొచ్చి పిడికిళ్ళల్లోకి మట్టి తీసుకుంటున్నాం. అంతలో గేటు దగ్గర మాటలు వినపడ్డాయి. ఆ తల్లి మా వెనకే నడిచి వచ్చింది. ఆడవాళ్ళు లోపలికి రాకూడదమ్మా అని ఎవరో ఆపుతున్నారు.

"ఎట్టా పెడతారో చూసి పోతానయ్యా" అంటోంది. "మా పిల్లని ఇట్టాగే మట్టిలో పెట్టారంట. మావోళ్ళల్లో కాలుస్తారు. నేనెప్పుడూ చూళ్ళా."

మసీదు పెద్దాయన చెయ్యెత్తి, రానివ్వండి అన్నాడు. ఆమె వచ్చి గోతిలోకి తొంగిచూసింది. తర్వాత పక్కనున్న మట్టికుప్ప చూసింది. ఆ కుప్ప దగ్గర చతికిలబడి, రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తోంది.

పిన్ని కొడుకు వంగి మెల్లగా చెప్పాడు. "బల్లలు పేర్చాం పెద్దమ్మా. రాళ్ళు అమ్మకి తగలవు."

"మా పిల్లకి పేర్చారో లేదో" అంది, చేతులు ఆపకుండా.

ఎవరూ పార ఎత్తలేదు. పిడికిళ్ళల్లో మట్టితో అందరం అలాగే నిలబడిపోయాం. కాసేపటికి పిన్ని కొడుకు కుప్పకి ఇవతల మోకాళ్ళ మీద కూర్చుని, ఆమెకి ఎదురుగా తనూ రాళ్ళు ఏరసాగాడు.