నొప్పి అన్న మాట

జూబ్లీ హిల్స్ బండల మీద పెద్దవాళ్ళ ఇళ్ళు లేస్తున్న రోజుల్లో కొమురమ్మ తట్టలతో కంకర మోసింది. అదే కొండ మీద నర్సింగ్ హోమ్ లేచాక అందులో ఆయాగా చేరింది. పంతొమ్మిది వందల తొంభై మూడు నాటికి ఫిజియోథెరపీ గది ఆమెదే. కాగితం మీద ఆ మాట ఎక్కడా లేదు గానీ, వేడి సంచులు కాచడం, రోగిని బల్ల మీదికి ఎక్కించడం, డాక్టరమ్మ కాలు వంచుతుంటే పాదం పట్టుకోవడం, అన్నీ ఆమే. మాట్లాడడం మాత్రం ఆమె పని కాదు.

ఆ వానాకాలం త్రినాథరావు వచ్చాడు. హీరోల బదులు మేడల మీంచి దూకే మనిషి. మద్రాసు నుంచి కుటుంబాన్ని తెచ్చుకుని మధురానగర్‌లో కాపురం పెట్టాడు. ఫిల్మ్ నగర్‌లో ఒక సెట్టు మీంచి దూకినప్పుడు కింద పరిచిన అట్టపెట్టెలు పక్కకు జరిగి ఉన్నాయి. మోకాలి చిప్ప పగిలింది. తీగ వేసి కట్టారు. ఇప్పుడా మోకాలు వంగాలి. వంచకపోతే జీవితాంతం కుంటి. మితిమీరి వంచితే తీగ తెగి మళ్ళీ ఆపరేషన్. ఎక్కడ ఆపాలో రోగే చెప్పాలి.

"నొప్పి అనిపించగానే చెప్పండి," అంది డాక్టరమ్మ శారదాదేవి, కాలు వంచుతూ.

త్రినాథరావు నవ్వుతూ చేతి బొటనవేలు పైకెత్తాడు. వాళ్ళ పనిలో అదో ఆచారం. పడ్డవాడు లేవకముందే బొటనవేలు చూపించాలి, అది చూశాకే మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. డాక్టరమ్మ కూడా అది చూసి ఇంకాస్త వంచింది.

కానీ పాదం కొమురమ్మ చేతిలో ఉంది. పైన ముఖం నవ్వుతుంటే కింద కాలివేళ్ళు ముడుచుకుపోయి వణుకుతున్నాయి.

"అమ్మా, సారుకు నొస్తున్నట్టుంది," అంది.

డాక్టరమ్మ రోగి వైపు చూసింది.

"అబ్బే, ఏం లేదండీ. కానివ్వండి," అన్నాడతను.

"నీ పని నువ్వు చూసుకో కొమురమ్మా," అంది డాక్టరమ్మ. చెడ్డ మనిషి కాదు, బయట ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. ఊరకున్నంత ఉత్తమం లేదని కొమురమ్మ నోరు మూసుకుంది. అక్కడే తప్పు చేసింది.

మర్నాటికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఇంకోసారి ఇలా అయితే మళ్ళీ కొయ్యాల్సిందేనని పెద్ద డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఆ రోజు కొమురమ్మకు అన్నం సయించలేదు. మధ్యాహ్నం వాపు మీద మంచుగడ్డల సంచి పెడుతూ అడిగేసింది.

"ఎందుకు సారూ అబద్ధం ఆడుతున్నరు?"

అతను పైకప్పు వంక చూస్తూ చెప్పాడు. "నొప్పన్నవాడికి మర్నాడు పనికి కబురు రాదమ్మా. ఇరవై ఏళ్ళ అలవాటు. మా ఆవిడ సత్యలక్ష్మికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆ మాట నోటికి రాదు."

కొమురమ్మ కుడి చేయి చాపింది. చూపుడు వేలు వంకర తిరిగి ఉంది.

"బండ పడ్డది సారూ. మేస్త్రి పని బంద్ చేస్తడని చెప్పలే. కొంగు చుట్టుకొని పొద్దుగూకేదాక మోసిన. నన్నెవ్వరూ అడగలే. మిమ్మల్ని రోజూ అడుగుతున్నరు గదా. అడిగినంక గూడ చెప్పకుంటే ఎట్ల?"

అతను ఆ వేలు చూశాడు.

వాపు తగ్గాక సోమవారం మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ మెల్లగా కాలు వంచింది. కొమురమ్మ చేతిలో కాలివేళ్ళు ముడుచుకున్నాయి. ఈసారి తిట్లు తిన్నా సరే, ఉద్యోగం పోయినా సరే, చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. త్రినాథరావు చెయ్యి సగం లేచింది. లేచి, మళ్ళీ బల్ల మీద వాలిపోయింది.

"నొప్పిగా ఉందండీ," అన్నాడు.

డాక్టరమ్మ వెంటనే ఆపింది. "ఇక్కడేనా?"

"ఇక్కడే. ఎడమ భుజం కూడానండీ, గుర్రం మీంచి పడ్డప్పటి నుంచీ. పక్కటెముకలు చలికాలం వస్తే నిద్రపోనివ్వవు. నడుమైతే..."

ఇరవై ఏళ్ళ దెబ్బలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. కొమురమ్మకు కూడా ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని అతని తల దగ్గర కూర్చుంది.

"ఇంకా ఎక్కడండీ?" అని అడిగింది.