గొంతుకు చోటులేని పెట్టె

ఆ ఉదయం మా వదిన ఊరుకుని ఉండాల్సిందా? ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.

చూపు లేనివాళ్ళ కోసం, కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం రాసిందావిడ. అది లినక్స్ మీద నడుస్తుంది. లినక్స్ పేరుకు ఒకటే గాని, తలా ఒక తీరున కూర్చి పంచుతారు. ఆ కూర్పుల్ని డిస్ట్రోలంటారు. వదిన తన ప్రోగ్రాంని ఒక్కోదానికి ఒక్కోలా కట్టాలి. ఏ డిస్ట్రో అప్‌డేట్ అయినా ఎక్కడో ఒకరి మిషన్ మూగబోయేది. ఫోన్ మోగితే చాలు, ఆవిడ మొహం పాలిపోయేది.

అందుకే డిస్ట్రోలు కూర్చేవాళ్ళందరి వెంటా పడింది. ప్రతి ప్రోగ్రాంనీ ఒకే రకం పెట్టెలో మూసిపెడదాం, ఆ పెట్టె ఏ డిస్ట్రోలోనైనా తెరుచుకోవాలి అని. ఏళ్ళపాటు బతిమాలి, మాటలు పడి, అందరి చేతా ఊ అనిపించింది. ఇక ఆఖరి మీటింగే. అందులో ఏ ఒక్కరు కాదన్నా ఒప్పందం లేనట్టే; అందరూ ఒప్పుకుంటే సోమవారం నుంచి ఆఫీసుల మిషన్లు ఈ పెట్టెలకి మారిపోతాయి. ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఆపరేటర్ మిషన్ కూడా. పుట్టుకతో చూపులేని ఆ మనిషికి వదిన ప్రోగ్రాం ఉంటేనే ఉద్యోగం.

అందరి ప్రోగ్రాములూ పెట్టెలో పెట్టి చూసిన వదిన, తనదే కదా అని తనది ఆఖరికి ఉంచుకుంది. మీటింగు రోజు ఉదయం పెట్టి మీట నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. నేను పుస్తకం మూశాను.

“ఏమైంది వదినా?”

“దొంగలు దూరకుండా, ఒక పెట్టెలోది పక్క పెట్టెలోకి తొంగిచూడకూడదన్నాం కదయ్యా. నా ప్రోగ్రాం పనే తొంగిచూడటం!”

ఆపరేటర్‌కి ఫోన్ చేసి చెప్పింది. అతను నవ్వాడు. “మూగబోయింది మిషనే కదక్కా, నీ గొంతెందుకు వణుకుతోంది?” అని, “కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. మిషన్ మాట్లాడకపోతే కుర్చీ ఖాళీ చెయ్యమంటాడక్కా,” అన్నాడు.

మీటింగు మొదలైంది. అందరూ తాత అని పిలిచే పెద్దమనిషి తెర మీద హుషారుగా ఉన్నాడు. “ఏమ్మా పెళ్ళిపెద్దా, ఇక కానిద్దామా?”

“నేను ఒప్పుకోవట్లేదు తాతా.”

“వేళాకోళమా? మమ్మల్ని లాక్కొచ్చి కూర్చోబెట్టిందే నువ్వు!”

“పెట్టెకో కిటికీ పెట్టండి. చదివే ప్రోగ్రాం చూడ్డానికి.”

“అందులోంచి దొంగలూ వస్తారు. ఒక్కడి కోసం ఇంతమందినీ మళ్ళీ మొదటికి తెస్తావా?”

“ఎంతమందో నాకు తెలీదు. నాకు తెలిసినవాడు ఒక్కడు.”

“అయితే ఎవరి కూర్పు వాళ్ళదే,” అన్నారెవరో. తెర మీద మొహాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి.

ఆపరేటర్ కుర్చీ నిలిచింది. వదిన మాత్రం చీకటి తెరకేసి చూస్తూ కూర్చుంది. ఇంతలో ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తలేదు, నేనెత్తాను. ఎవరో ఆడమనిషి, భయంగా: “నిన్న అప్‌డేట్ అయిందండీ. అప్పట్నుంచీ మిషన్ మాట్లాడటం లేదు.”

వదిన అడ్రసు అడిగింది. ఆవిణ్ణి కనుక్కుని చెప్పాను. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని చెప్పులేసుకుంది. పక్కింటికి వెళ్ళినా వెళ్ళొస్తానని చెప్పే మనిషి, ఆ రోజు ఏమీ అనకుండానే గేటు దాటింది.