బండ మీద వేసిన నింద

స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ గట్టిగా చేతికి తగిలింది. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. వికారాబాద్‌లో ఒక బడి లైబ్రరీ చూసుకుంటాను. అక్క పోయి అప్పటికి ఏడాదే. మర్నాడే హైదరాబాద్ రైలెక్కాను. తాండూరు నుంచి అమ్మ వచ్చి కలిసింది.

మామోగ్రామ్, బయాప్సీ చేశారు. క్యాన్సరే. డాక్టరమ్మ అడిగింది: "మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?"

"పెద్దబిడ్డకు వచ్చింది మేడం. ఇంకెవ్వలకు లేదు," అంది అమ్మ.

అక్క రొమ్ము క్యాన్సరప్పుడు కూడా అమ్మ "ఎవ్వలకు లేదు" అనే చెప్పింది. అక్కకు రేడియేషన్ ఇచ్చారు. కొన్నేళ్లకు అదే చోట సార్కోమా అనే మరో క్యాన్సర్ వచ్చి అక్క చనిపోయింది.

"నాన్నకు తొడల లేసిన గడ్డ?" అన్నాను.

"అది బండ పడ్డందుకు వచ్చింది. తాండూరంత ఎరుకే."

నాన్న బండల గనిలో పనిచేసేవాడు. బండ తగిలిన కాలే వాచింది, ఆ కాలే తీసేశారు, అయినా బతకలేదు. మా దగ్గర దాన్ని బండదెబ్బ అంటారు, జబ్బు అనరు. అక్క పోయాక అమ్మ పెట్టెలోని పాత కాగితాలన్నీ చదివాను. నాన్న పేరు మీద ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్, అని రాసున్న కాగితాన్ని సంచిలోంచి తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను.

ఆమె టీపీ53 జీన్ టెస్టుకు రక్తం పంపింది. పాజిటివ్ వచ్చింది.

"ఈ జీన్ తయారుచేసే ప్రోటీన్, కణం రెండయ్యే ముందు లోపల దెబ్బ ఉందా అని చూస్తుంది. ఉంటే వేరే జీన్లను పనిలోకి దింపి కణాన్ని ఆపుతుంది. మీకది పుట్టుకతోనే సరిగా పనిచేయట్లేదు, మీ నాన్న నుంచి వచ్చి ఉంటుంది."

అమ్మ బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసిన మనిషి. "అంటే పగిలిన బండను పక్కకు దీసేటోడు లేడన్నట్టు. గదే గదా మేడం?"

"అంతేనమ్మా."

"మరి మా ఆయన మీద పడ్డ బండ?"

"గడ్డ అప్పటికే ఉండి ఉంటుంది. దెబ్బ తగిలాక కంటపడింది."

"ఆ పొద్దు గనికి పోనన్నడు. నేనే తోలిచ్చిన," అంది అమ్మ.

ఈ జీన్ చెడినవాళ్లకు రేడియేషనే కొత్త క్యాన్సర్ తేవచ్చు కాబట్టి, దాని అవసరం పడకుండా రొమ్ము మొత్తం తీసేశారు. పుండు చీము పట్టి కీమో నెల ఆలస్యమైంది. అమ్మ మంచం పక్కనే కూర్చుని, "నా మాట మీదనే గదా పెద్దదానికి కరెంటు పెట్టిండ్రు," అంది. రేడియేషన్‌ను మా దగ్గర కరెంటు పెట్టడం అంటారు. కాదని అబద్ధం చెప్పలేకపోయాను. "అడిగిన డాక్టర్లు గూడ నీ ఒక్క మాటతోనే ఊకున్నరమ్మా" అన్నాను. తర్వాత కీమో పూర్తి చేశాను.

ఇప్పటికి నాలుగేళ్లు. ఏటా హోల్ బాడీ ఎంఆర్ఐ చేయించుకుంటాను. అక్క బిడ్డ నవ్యకూ అదే జీన్ లోపం ఉంది. ఆమె మొదటి చెకప్‌లో కొత్త డాక్టర్ అదే ప్రశ్న అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది: "రాసుకో సారూ. ముగ్గురికి. మొదలు మా ఆయనకు, తొడల."

ఆసుపత్రికి వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఇంట్లో ఎవరికి, ఏ వయసులో, ఒంట్లో ఎక్కడ గడ్డ వచ్చింది. ఎందుకొచ్చిందో మాత్రం మీరు రాయకండి.