తెల్లపొడి బేరం

పేరేసంద్రలో పురుషోత్తమ్ శెట్టి అంగట్లో ఉప్పూ పప్పూ దొరకవు. వానలు ముఖం చాటేసి ఊరూరా బోర్లు వేయించడం మొదలయ్యాక, ఆయన అన్నీ తీసేసి బోరు పూజ సామాన్లే పెట్టాడు. టెంకాయ, నిమ్మకాయలు, పసుపు, కర్పూరం, అంతా ఒకే పొట్లం. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వచ్చేవాణ్ణి కాళ్ళ నుంచి తల దాకా చూస్తాడు. కాళ్ళకు బురదుంటే నీళ్ళు పడ్డట్టు. ఆ బేరం ఇక రాదు. తలలో తెల్లటి బండపొడి ఉంటే బోరులో పొడి తప్ప నీళ్ళు పడనట్టు. ఇంకోచోట వేయించడానికి మళ్ళీ వస్తాడు. పాపం, శెట్టి ఎవరి చెడూ కోరడు. చూస్తాడంతే.

ఆ పొద్దు పాపన్న తల నిండా తెల్లపొడితో వచ్చాడు. అతను మెట్టెక్కేలోపే శెట్టి పొట్లం కట్టి బల్ల మీద పెట్టేశాడు. పాపన్న దానివైపే చూస్తూ నిలబడ్డాడు. "నేనడక్కముందే కట్టేసినావే శెట్టీ! ఇంక యాడ బోరేసేదప్పా? చేను విడిచిపెట్టి పిల్లోళ్ళతో బెంగళూరికి కూలికి పోతాండాం. చెప్పిపోదామని వచ్చినా."

శెట్టి మొహం మాడిపోయింది. "టెంకాయన్నా తీసుకో పాపన్నా, దోవలో పిల్లోళ్ళు తింటారు."

"వద్దులేప్పా, ఇంకెవునికన్నా పనికొస్తాది" అంటూ పాపన్న బస్సు వైపు నడిచాడు.

శెట్టి తలొంచుకుని పొట్లం ముడి విప్పబోయాడు. రోడ్డు మీద బోరు లారీ హారన్ మోగింది. ఆయన చేయి ముడి మీదే ఆగిపోయింది.