వదిలేశానన్న చేప

ఆ చేపను నేను వదల్లేదు. చంపి, ఇంటికి తెచ్చుకుని, పులుసు పెట్టించుకుని తిన్నాను. ఆ ఒక్క మాట మేనేజరు గదిలో చెప్పాల్సింది. చెప్పలేదు. మొన్న ఒక పెళ్ళి విందులో, ఖతార్‌లో నాతోపాటు పనిచేసినవాడొకడు "ఆ చేపల దొంగ డ్రైవరు గుర్తున్నాడా?" అని పదిమందిలో ఎత్తుకున్నాడు. బంతి బంతంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. విస్తరి ముందు నుంచి లేచొచ్చేశాను తప్ప అప్పుడు కూడా నోరు విప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గ్యాస్ ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులవి. నేను ఇంజనీరుని. అల్ ఖోర్‌లో కంపెనీ ఇచ్చిన ఇంట్లో కాపురం. మా మేనేజరు ఇంగ్లండువాడు, శుక్రవారం సెలవు వస్తే అతనికి చేపల పిచ్చి. ఊరికి అవతల మడచెట్ల పక్కన సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మోకాలి లోతు నీళ్ళు కనుచూపు మేర పరుచుకునేవి. అందులో నడుస్తూ గాలం వెయ్యాలి. ఎర ఉండదు. ఈకలూ వెంట్రుకలూ కొక్కేనికి చుట్టి రొయ్యలా తయారుచేస్తారు. దానికి బరువుండదు కాబట్టి లావుపాటి గాలం దారాన్నే కొరడాలా వెనక్కీ ముందుకీ ఊపి విసరాలి. చేప తల కిందికి పెట్టి ఇసుకలో మేస్తుంటే తోక నీటిపైన కదులుతుంది. చప్పుడు కాకుండా దగ్గరికి వెళ్ళి దాని ముందు వెయ్యాలి. కాకినాడ పక్క సముద్రపు గాలికి పెరిగిన నాకు అది పండగలా ఉండేది. కాకపోతే పట్టిన ప్రతి చేపనూ వదిలెయ్యాలి. అది మేనేజరు పెట్టిన నియమం.

"ఊపిరి అందేదాకా నీళ్ళలో పట్టుకో. తొందరపడకు, దానిదీ ప్రాణమే," అనేవాడు.

మమ్మల్ని బండిలో తీసుకెళ్ళే డ్రైవరు జగిత్యాల వైపువాడు. తవ్వకం పనికి వచ్చి, లైసెన్సు పరీక్ష తప్పి, మళ్ళీ తప్పి, చివరికి స్టీరింగు పట్టుకున్నవాడు. ఏసీ బండి డ్యూటీ అంటే క్యాంప్‌లో పెద్ద హోదా. ఒడ్డున బండి నీడలో కూర్చుని మమ్మల్ని చూసి నవ్వుకునేవాడు.

"పట్టుడెందుకు, ఇడిసిపెట్టుడెందుకు సార్? ఎండకు మీ ఇద్దరికీ పిచ్చి లేసింది."

"నీకొకటి పట్టిమ్మంటావా?"

"వద్దు సార్. సముద్రం చాప నేను ముట్ట. నీసు వాసన. మా చెర్ల బొచ్చె తిన్న నోరు ఇది."

ఈ సంగతి నాకు తెలుసు. మేనేజరుకు తెలియదు.

ఐన్ ఖాలిద్‌లో ఉండే నా బావమరిది నన్ను ఊరికే ఉండనిచ్చేవాడు కాదు. "మా బావ వారం వారం చేపలు పట్టి, ముద్దుపెట్టి సాగనంపుతాడు. అక్కా, నువ్వు మాత్రం బజార్లో కొనుక్కో." ఒక శుక్రవారం సాయంత్రం వాళ్ళు భోజనానికి వస్తామన్నారు. ఆ ఉదయమే మేనేజరు గాలానికి బంగారు రంగు పార చేప ఒకటి పడింది. అంత పెద్దది మేమెప్పుడూ పట్టలేదు. ఫొటో తీసుకుని, నా చేతికిచ్చి, ఇంకో తోక కనిపించిన వైపు నడిచిపోయాడు. నేను దాన్ని నీళ్ళలో పట్టుకున్నాను. మొప్పలు బాగానే ఆడుతున్నాయి. చెయ్యి వదిలితే పోయేది. మొప్పల్లో వేళ్ళు దూర్చి చీల్చేశాను. ఒడ్డుకు తెచ్చి బండిలోని ఐస్ పెట్టెలో నీళ్ళ సీసాల కింద దాచాను.

డ్రైవరు చూశాడు. "పెద్దసారుకు తెలిస్తే?"

"తెలియదులే. మూత పెట్టు, యల్లా, పోదాం పద."

మేనేజరును దింపేశాక చేపను తువ్వాలులో చుట్టుకుని ఇంట్లోకి పట్టుకుపోయాను. పెట్టె కడగాలని తోచలేదు. ఆ సాయంత్రం బావమరిది రెండోసారి పులుసు పోయించుకుంటూ "ఇవాళ ముద్దు కుదర్లేదా బావా?" అన్నాడు. ఎంత పొంగిపోయానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు మేనేజరు పెట్టె తెరిచాడు. రక్తం, పొలుసులు. నన్నూ డ్రైవరునూ తన గదికి పిలిచాడు.

"నువ్వు వదిలావు కదా?" అని నన్నడిగాడు.

"వదిలాను."

"అయితే తేరుకోని చేప ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంటుంది. ఇతను పట్టుకున్నాడు. ఆకలైతే అడగొచ్చుగా?"

ఇంగ్లీషు రాకపోయినా సంగతి గ్రహించి డ్రైవరు నా వైపు తిరిగాడు. "సార్, నేను సముద్రం చాప తిననని జెర చెప్పుండ్రి." నన్ను పట్టివ్వలేదు. అంతే అడిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మేనేజరు.

"సారీ చెప్తున్నాడు," అన్నాను.

సారీ అన్న ముక్క డ్రైవరుకు అర్థమైంది. మళ్ళీ నా మొహం చూడలేదు.

అతన్ని బండి దింపి ఎడారిలో పైపులైను పనికి పంపేశారు. మళ్ళీ తవ్వకమే. క్యాంప్‌లో సొంత జిల్లావాళ్ళే చాపల దొంగ అన్నారు. ఆ పేరు అతనికంటే ముందు ఊరు చేరింది. మేనేజరు మీద నాకిప్పటికీ కసి ఉంది. చేపకు ఊపిరి అందేదాకా నీళ్ళలో వంగి నిలబడే మనిషికి, ఎదురుగా ఉన్న మనిషిని ఇంకో ప్రశ్న అడిగే ఓపిక లేకపోయింది. కానీ అడిగినా జవాబు నా నోటి నుంచే రావాలి కదా. ఆ నోటికి ఏం శిక్ష వెయ్యాలి? పై శుక్రవారం సిగ్గులేకుండా మళ్ళీ గాలం పట్టుకుని వెళ్ళాను. కొత్త డ్రైవరు వచ్చాడు.

పెళ్ళి విందు నుంచి వచ్చాక అతని ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "కూసో సార్" అని కుర్చీ వేశాడు. నేను గొంతు తగ్గించి తప్పు నాదేనని మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపేశాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ సార్? చాప ఎవలు తిన్నరో నాకెర్క లేదా? మా బామ్మర్ది అదే క్యాంప్‌ల ఉండె. దుబాయిల దొంగతనం జేసి పని పోగొట్టుకున్నడని ఇంటింటికీ చెప్పిండు. నా బిడ్డ పెండ్లిల గూడ ఆ మాట లేసింది. చెప్తే గిప్పుడు వాళ్ళకు చెప్పు. లేకుంటే చాయ్ తాగి పో."

మెల్లగా మాట్లాడలేదు. వాడలో నలుగురూ వినాలనే అన్నాడు. భార్య బయటికొచ్చింది. ఎదురింటివాళ్ళు అరుగుల మీద నిలబడ్డారు. పక్క వాడలో ఉన్న బామ్మర్దికి అతనే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

నేను లేచి చెప్పాను. చేపను చంపింది నేను, తిన్నది నేను, ఈయన ముట్టనైనా లేదు, తన మాట మేనేజరుకు చెప్పమని బతిమాలితే అబద్ధం చెప్పాను అని.

బామ్మర్ది నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఒక్క చాప కోసమా సార్? ఇంజనీరువు గదా నువ్వు?"

"అవును," అన్నాను. తర్వాత డ్రైవరు వైపు తిరిగాను. "నీ పనీ నీ పేరూ రెండూ పోగొట్టింది నేను. నీవాళ్ళ ముందు అడుగుతున్నాను, నన్ను క్షమించు."